నిప్పు తాకిన నాడె

సోలాపూర్ నేత పేటల్లో రెండు రకాల విల్లులు పనిచేశాయి. మొదటిది పింజారి విల్లు. మనిషి ఎత్తు కట్టె, దానికి బిగించిన నరపు తంతి, ఆ తంతి మీద కొయ్య గుండుతో వేసే పోటు. ముద్దకట్టిన పాత దూది ఆ మోతకు పొరలు పొరలుగా విడిపోయి గదంతా ఎగిరేది. రెండోదాన్ని ఎవరూ విల్లు అనరు. మరమగ్గానికి అటొకటి ఇటొకటి నిలబెట్టిన కట్టెలవి. మిల్లు భాషలో పికింగ్ స్టిక్కులు. కింద ఇరుసు తన్నగానే కట్టె ఒక్క ఉదుటున లోపలికి ఊగుతుంది. దాని తలకున్న పికరు, పేకను అంటే అడ్డపోగును మోసే నాడె మూతిని గుద్దుతుంది. నాడె నిలువుపోగుల పడుగు మధ్యగా దూసుకుపోయి అవతలి పెట్టెలో పడుతుంది. అక్కడి కట్టె దాన్ని మళ్లీ ఇటు కొడుతుంది. వేటగాడి బాణం వెళ్తే వెళ్లినట్టే. ఈ బాణం మాత్రం నిమిషానికి వందసార్లకు పైగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

అంత దెబ్బ ఓర్చుకునే కట్టె చెట్టు నుంచి నేరుగా రాలేదు. దాని వెనక నిప్పు కథ ఒకటుంది. ఆ కథ విల్లు చేసేవాడి బొగ్గుల కుంపటి దగ్గర మొదలై, అమెరికాలో ఒక ప్రయోగశాలలో కరిగిన లోహపు తొట్టి దాకా పోయి, చద్దరు నేసే మగ్గం మీదికి వచ్చింది.

ముందు ఊరి సంగతి. 1877లో మొరార్జీ గోకుల్‌దాస్ సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పెట్టాడు. ఊరు దాన్ని జూనీ మిల్లు అంది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి కరువులకూ మిల్లు బట్ట దెబ్బకూ తట్టుకోలేక బయల్దేరిన పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి చేరుతూ వచ్చారు. కొందరు మిల్లుల్లో కుదిరారు, కొందరు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు, తర్వాతివాళ్లు మరమగ్గాల కార్ఖానాలు పెట్టారు. భద్రావతి పేట, సాఖర్ పేట, అశోక్ చౌక్ పక్క వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది, మరాఠీ కలిసిన తెలుగు. నారళీ పున్నమినాడు మార్కండేయ స్వామి రథం వెంట ఊరు కదులుతుంది. ఇక్కడి చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. చద్దరు గురించి రాసేవాళ్లు రంగు గురించి రాస్తారు, జకార్డ్ పువ్వు గురించి రాస్తారు. పేకను మోసిన కట్టెముక్క గురించి ఎందుకో పట్టించుకోరు.

నాడెను చేతిలోకి తీసుకుని చూడాలి. మూరెడుకు కాస్త తక్కువ పొడవు. రెండు కొసలకూ ఉక్కు ములుకులు. నడుమ తొలిచిన గుంట, అందులో కండె కూర్చుంటుంది. పక్కన పింగాణీ కన్ను, పేక పోగు బయటికి వచ్చేది దాంట్లోంచే. నిమిషానికి 130 పోట్లు అనుకుంటే, ఎక్కడా ఆగకుండా నడిచిన ఎనిమిది గంటల షిఫ్టులో 62,400 సార్లు అది దెబ్బ తిని పరుగెత్తి, గుద్దుకుని ఆగాలి. పగలకూడదు, అరగకూడదు. వంకర పోతే అసలు పనికిరాదు. వంకర నాడె పెట్టెలో సరిగా కూర్చోదు, ఒక్కోసారి పడుగు దాటి ఎగిరి పక్క మనిషికి తగులుతుంది. మగ్గాలకు అడ్డు కమ్మీలు పెట్టింది అందుకే. వీటన్నిటికన్నా రోజూ వేధించేది పేడు. కంటికి ఆననంత సన్నటి పేడు ఒకటి లేచిందంటే పడుగు పోగులు ఒకదాని వెంట ఒకటి తెగుతాయి. నేతగాడు మగ్గం ఆపి, నాడెను తిరగేసి, బొటనవేలితో అడుగంతా పాముతాడు. వేలికి ఎక్కడ చురుక్కుమందో అక్కడ సాండ్‌పేపరు పెట్టి రుద్ది, మళ్లీ పాముతాడు. ఆ తర్వాతే తెగిన పోగులు ముడేసే పని.

చేత్తో విసిరిన రోజుల్లో నాడెకు ఇంత శిక్ష లేదు. గుంట మగ్గంలో కుడిచేత్తో తోసి ఎడమచేత్తో అందుకునే నాడెకు తేలిక కట్టె ఏదైనా సరిపోతుంది. 1733లో లాంకషైర్‌లోని బరీ మనిషి జాన్ కే, తాడు గుంజితే నాడె దానంతటది పరుగెత్తే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. వెడల్పు ఉన్ని గుడ్డకు ఇద్దరు నేతగాళ్లు కావాల్సిన చోట ఒక్కడు చాలాడు. 1760లో ఆయన కొడుకు రాబర్ట్ కే, రంగుకో నాడె మార్చుకునేలా డ్రాప్ బాక్స్ చేశాడు. పేకలో రంగులు మార్చుకునే మగ్గాలన్నీ ఆ కొడుకుకు బాకీ. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం వచ్చింది. చేతి నుంచి తాడుకు, తాడు నుంచి ఆవిరికి, ఆవిరి నుంచి కరెంటుకు. మెట్టు మెట్టుకూ దెబ్బ బరువెక్కింది. చెట్టు మాత్రం అదే చెట్టు.

దాంతో గట్టి చెట్ల కోసం వేట మొదలైంది. ఇంగ్లండ్‌లో మొదట బాక్స్‌వుడ్ వాడారు. అది చాలకపోయేసరికి అమెరికా దక్షిణ అడవుల మీద పడ్డారు. అక్కడ రెండు చెట్లు దొరికాయి. ఒకటి డాగ్‌వుడ్, పెరటి చెట్టంత చిన్నది. కొట్టిన డాగ్‌వుడ్ కలపలో సింహభాగం నాడెలకే పోయేది. రెండోది పెర్సిమన్. ఇక్కడ కాస్త ఆగాలి. పెర్సిమన్‌కు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డయోస్పైరస్ వర్జీనియానా. మన తునికి చెట్టు డయోస్పైరస్ మెలనోక్సైలాన్. రెండూ ఒకే ఇంటిపేరు చెట్లు. సోలాపూర్ పద్మశాలి ఇళ్లలో మగవాళ్లు మగ్గం మీద ఉంటే ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో బీడీలు చుట్టారు. ఆ ఆకు చెట్టుకు వేలు విడిచిన మేనమామ లాంటి చెట్టు, సముద్రాల అవతల నాడెగా మారి మగ్గాల్లో పరుగెత్తింది. ఏ కథకుడైనా కల్పించి రాస్తే అతికినట్టు లేదంటాం. వృక్షశాస్త్రం రాసింది కాబట్టి ఒప్పుకోవాలి.

పికింగ్ స్టిక్‌కు వేరే గుణం కావాలి. అది గట్టిగా ఉంటే చాలదు, ఊగాలి, దెబ్బను మింగి తిరిగి ఇవ్వాలి. దానికి అమెరికాలో హికరీ వాడారు. అక్కడి విల్లు చేసేవాళ్లకు కూడా హికరీ ఇష్టమైన కట్టెల్లో ఒకటి, అదే కారణానికి. మన దగ్గర ఉత్తరాదివాళ్లు ధామన్ అనే చెట్టును విల్లులకూ బండి కాడి కట్టెలకూ వాడుకున్నారు. సాగి తిరిగొచ్చే కట్టె విల్లుకు పనికొస్తే మగ్గానికీ పనికొస్తుంది.

ఎంత మంచి చెట్టు తెచ్చినా ఒక తగాదా మిగిలింది. అది నీళ్ల తగాదా. సోలాపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ పొడి గాలికి పత్తి పోగు పెళుసెక్కి పుటుక్కుమంటుంది. పత్తి నేసే షెడ్డులో గాలి తేమ 75 నుంచి 80 శాతం ఉంటే తప్ప పోగు మాట వినదు. అందుకే నేల మీద నీళ్లు చల్లుతారు, పెద్ద మిల్లులైతే పైనుంచి తుంపర కొట్టిస్తాయి. పోగుకు తడి కావాలి. కట్టెకు తడి పడదు. నాడె తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడి గాలికి మళ్లీ కుంచించుకుంటుంది, నాలుగుసార్లు అలా అయ్యాక ఎక్కడో ఒకచోట మెలి పడుతుంది. "వానకాలం నాడె బరువెక్కుతది" అని నేతగాడు ఒక్క మాటలో చెప్పేది దీన్నే. కొత్త నాడెలను నెలల తరబడి షెడ్డు గాలిలోనే ఉంచి అలవాటు చేయడం, నూనెలో నానబెట్టడం ఈ తగాదాకు పాత మందులు. అవి తడిని ఆలస్యం చేశాయే కానీ ఆపలేదు.

తడికి విరుగుడు నిప్పని మనిషికి ఏనాటి నుంచో తెలుసు. గోదావరి మన్యంలో బాణాలు చేసేవాళ్లు వెదురు పుల్లను సెగకు చూపి, వేడి ఆరేలోపు వంకర తీస్తారు. చల్లారాక పుల్ల అలాగే నిలబడిపోతుంది. కట్టె గోడలో మూడు పదార్థాలుంటాయి: దారాల్లాంటి సెల్యులోజ్, వాటి చుట్టూ హెమీసెల్యులోజ్, అన్నిటినీ పట్టి ఉంచే లిగ్నిన్. కాస్త తడి ఉన్న కట్టెలో లిగ్నిన్ దాదాపు నీళ్లు మరిగే వేడికే మెత్తబడుతుంది. అప్పుడు వంచితే వంగుతుంది, చల్లారితే గడ్డకట్టి ఆ ఆకారాన్నే పట్టుకుంటుంది. పుల్ల వంకర తీయడం వెనకున్న గుట్టంతా ఇంతే.

వేడి ఇంకా పెంచితే కథ మారుతుంది. ఈటె మొనను నిప్పులో కాల్చి గట్టిపరచడం రాతియుగం నుంచీ ఉన్న అలవాటు. అది నిజంగా గట్టిపడుతుందా అని 2016లో ఇంగ్లండ్‌లో రోలండ్ ఎన్నోస్, తక్ లోక్ చాన్ హేజెల్ కట్టెలతో పరీక్ష చేసి చూశారు. ఉపరితలం కాస్త గట్టిపడిన మాట నిజమే. కానీ కట్టె బాగా బలహీనపడింది, పెళుసుబారింది. మరి ఆదిమానవుడు తెలివితక్కువవాడా? కాదు, కాల్చిన కట్టెను గీకి మొన తీయడం సులువు, అతనికి ఆ లాభం చాలు అన్నది వాళ్ల ఊహ. ఏది ఏమైనా లెక్క బయటపడింది. నిప్పు కట్టెకు గట్టిదనం అప్పిస్తుంది, ఓర్పును తాకట్టు పెట్టుకుంటుంది.

ఈ లెక్కను తెలివిగా దాటినవాళ్లు విల్లు చేసేవాళ్లు. విల్లును లాగినప్పుడు వేటగాడి వైపు ముఖం నలుగుతుంది, అవతలి ముఖం సాగుతుంది. చాలా చెట్ల కలప సాగడానికి ఓర్చినంతగా నలుగుడుకు ఓర్చదు. అందుకే వాడగా వాడగా విల్లు లోపలికి వంపు పట్టి నిలిచిపోతుంది, బాణం వేగం పడిపోతుంది. దీనికి వాళ్లు పట్టిన ఉపాయం ఏమిటంటే, విల్లును ఒక చట్రానికి బిగించి, నలిగే ముఖాన్ని మాత్రమే బొగ్గుల సెగకు చూపడం. అటువైపు చెక్క తేనె రంగు నుంచి కాఫీ రంగుకు తిరుగుతుంది, గట్టిపడుతుంది, తడి తక్కువ పీలుస్తుంది. సాగే వీపుకు సెగ తగలనివ్వరు, దానికి ఓర్పు కావాలి కాబట్టి. కాల్చిన వెంటనే లాగరు కూడా. గాలిలోని తేమ కొంత తిరిగి ఎక్కేదాకా కొన్నాళ్లు పక్కన పెడతారు. ఈ పద్ధతిని ఈ కాలపు విల్లు ప్రియులకు వివరంగా అందించినవాడు మార్క్ సెయింట్ లూయిస్. 2008లో వచ్చిన 'ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్' నాలుగో సంపుటంలో ఆయన అధ్యాయం ఉంది.

నాడెకు ఈ వెసులుబాటు లేదు. దానికి వీపూ పొట్టా అని రెండు ముఖాలు ఉండవు. ప్రతి వైపూ దెబ్బే, ప్రతి వైపూ రాపిడే.

ఇక్కడ కథ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ ఊరికి వెళ్తుంది. 1910లో అక్కడ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబరేటరీ పెట్టారు. బాగా వేడిమీద ఆరబెట్టిన కలప తర్వాత తేమ తక్కువగా పీలుస్తుందని హారీ టీమన్ అక్కడి తొలి రోజుల్లోనే గమనించాడు. ఎందుకలా అన్నది పట్టుకున్నవాడు ఆల్‌ఫ్రెడ్ స్టామ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. 1937లో ఆయన, హాన్సెన్ కలిసి రకరకాల వాయువుల్లో కలపను వేడిచేసి చూశారు. గాలి తగిలితే కట్టె మాడుతుంది, గాలి లేకపోతే నిదానంగా మారుతుంది. గాలిని పూర్తిగా తప్పించే దారి ఏది? స్టామ్ బృందం కట్టెముక్కలను కరిగిన లోహంలో ముంచింది. తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం అది. అందులో మునిగిన కట్టెకు గాలి అందదు, వేడి మాత్రం నలుదిక్కులా సమంగా తగులుతుంది. 1946లో అచ్చయిన ఆ ఫలితానికి వాళ్లు పెట్టిన పేరు స్టేబ్‌వుడ్.

లోపల జరిగేది ఇది. 160, 180 డిగ్రీలు దాటాక హెమీసెల్యులోజ్ విరగడం మొదలవుతుంది. నీళ్లను పట్టుకునే కొక్కేలు ఎక్కువగా ఉండేది దానిలోనే. కొక్కేలు పోతే నీళ్లకు చోటు లేదు, ఉబ్బు తగ్గుతుంది. కానీ కట్టె గోడలో దారాలకూ లిగ్నిన్‌కూ మధ్య బంధం కూడా అదే. అది విరిగితే కట్టె దెబ్బకు ఓర్వదు, రాపిడికి అరిగిపోతుంది. అంటే నాడెకు ఏ రెండు గుణాలు ప్రాణమో సరిగ్గా ఆ రెండే పోయాయి. స్టేబ్‌వుడ్ అమెరికాలో కార్ఖానా దాకా పోలేదు. దశాబ్దాల తర్వాత ఫిన్లాండ్‌వాళ్లు ఆవిరిలో కాల్చిన కలపను ఇంటి గోడలకూ వరండా నేలలకూ అమ్మి ఆ ఆలోచనకు బతుకిచ్చారు. గోడను ఎవరూ నిమిషానికి 130 సార్లు గుద్దరు కదా.

మాడిసన్‌వాళ్లు మరో దారి కూడా తవ్వుతున్నారు. కట్టెలో సగానికి సగం ఖాళీయే. కట్టె గోడ సాంద్రత 1.5, నాడెకు వాడే డాగ్‌వుడ్, పెర్సిమన్ కూడా 0.8 దగ్గరే ఆగుతాయి. ఆ ఖాళీని నొక్కేస్తే? జర్మనీవాళ్లు అప్పటికే ఒత్తిన కలపను లిగ్నోస్టోన్ పేరుతో అమ్ముతున్నారు. దాని లోపం, తడి తగిలితే నొక్కిన కట్టె మళ్లీ పాత లావుకు ఉబ్బడం. వేడి పని ఏమిటన్నది ఇక్కడ తేలింది. కట్టెను ఉడికించడం కాదు, లిగ్నిన్ పారేంత మెత్తబరచి, ఆ స్థితిలో నొక్కి, నొక్కు వదలకుండానే 100 డిగ్రీల కిందికి చల్లార్చాలి. అప్పుడు లోపలి బిగువులన్నీ సడలిపోయి, కట్టెకు పాత ఆకారం మీద మనసు పోతుంది. 1945లో సీబోర్గ్, మిలెట్, స్టామ్ దీన్ని స్టేపాక్ అన్నారు. సాంద్రత 1.3 నుంచి 1.4, నీళ్లలో వేస్తే మునుగుతుంది. దెబ్బకు ఓర్పు చెక్కుచెదరలేదు. పికింగ్ స్టిక్కులకూ నాడెలకూ పనికొస్తుందని వాళ్లే రాసుకున్నారు. మన్యంలో బాణపు పుల్లకు వంకర తీసే సెగ, ఈ ప్రెస్సులోని వేడి చేసే పని ఒకటే. తేడా నొక్కులో ఉంది.

అయితే బజారు గెలిచింది స్టేపాక్ కాదు, దాని అన్న కంప్రెగ్. 1907లో బేక్‌లండ్ కనిపెట్టిన ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు, అంటే బేకలైట్ జాతి రెసిన్, దాన్ని పలుచని చెక్క పొరలకు పట్టించి, ఆరబెట్టి, దొంతరగా పేర్చి, 140, 150 డిగ్రీల వేడిలో చదరపు సెంటీమీటరుకు 70 కిలోల చొప్పున నొక్కుతారు. రెసిన్ కట్టె గోడలోపలే గడ్డకడుతుంది, నీళ్లకు చోటివ్వదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దీన్ని విమానాల ప్రొపెల్లర్లకు వాడారు. యుద్ధం అయ్యాక శబ్దం రాని పళ్లచక్రాలు, పనిముట్ల పిడులు, నాడెలు, బాబిన్లు, పికింగ్ స్టిక్కులు. దెబ్బ ఓర్పులో ఇది స్టేపాక్ కన్నా ఒక మెట్టు కిందే. కానీ తడికి కదలదు, నేత షెడ్డుకు అది ముఖ్యం. ఇంకో సుగుణం నేతగాడి వేలికి తెలుస్తుంది. మామూలు నాడె మెరుపు పైపూత, అరిగితే పోతుంది. ఇందులో రెసిన్ లోపలిదాకా ఉంది కాబట్టి ఎక్కడ అరిగినా సాండ్‌పేపరు రాసి గుడ్డతో రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది.

మన దేశంలో 1906లో ఏర్పడిన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ ఈ పని చేపట్టింది. ప్లైవుడ్, జిగుళ్లు, మెరుగుపరచిన కలప మీద అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినవాడు డి. నారాయణమూర్తి. కొత్త చెట్టు వెతకడం కన్నా ఉన్న చెట్టును మార్చడం మేలన్న ఆలోచన మనకూ వచ్చింది. భోపాల్‌లోని పెర్మాలి కార్ఖానా ఇలాంటి ఒత్తిన పొరల కలపను ఎక్కువగా విద్యుత్ పరికరాల కోసం చేసింది. ఒత్తిన కలప నాడెలు మగ్గం సామాన్ల దుకాణాల్లోకి వచ్చాయి. కొనేవాడు స్టామ్ పేరు అడగడు. బరువు చూస్తాడు, ములుకు గట్టిగా ఉందా అని తిప్పి చూస్తాడు, బొటనవేలితో అడుగు పాముతాడు.

ఇంతలో నాడెనే వద్దన్నవాళ్లు వచ్చారు. 1950లలో స్విట్జర్లాండ్ సుల్జర్ కంపెనీ మగ్గం మార్కెట్లోకి దిగింది. అందులో పేకను మోసేది తొమ్మిది సెంటీమీటర్ల ఉక్కు తునక, బరువు 40 గ్రాములు. దాన్ని విసిరేది కట్టె కాదు. ఒక ఉక్కు కడ్డీని మెలితిప్పి, కొక్కెం తీయగానే అది విడివడే ఊపు. మెలిలో శక్తిని దాచుకుని ఒక్కసారిగా వదలడం అచ్చంగా విల్లు పనే. ఆ కడ్డీని ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి గట్టిపరుస్తారు. అలా వదిలితే గాజులా పగులుతుంది కాబట్టి తక్కువ వేడి మీద మళ్లీ కాచి కొంత గట్టిదనాన్ని తగ్గించి ఓర్పును తెచ్చుకుంటారు. కమ్మరికి ఈ బేరం ఎప్పటి నుంచో తెలుసు. కట్టెలో కాలిన ఓర్పును మాత్రం అలా వెనక్కి తెచ్చే దారి ఎవరికీ దొరకలేదు.

సోలాపూర్ కార్ఖానాల్లోకి ఇప్పుడు రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. వాటిలో విసరడమే లేదు. ఇటునుంచి ఒక చెయ్యి పేకను నడిమిదాకా తెస్తుంది, అటునుంచి ఇంకో చెయ్యి అందుకుని లాక్కుపోతుంది. గుంట మగ్గం మీద తాతలు కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో అందుకున్న పద్ధతే, చేతులు మాత్రం యంత్రానివి. పాత మగ్గాలను కిలోల లెక్కన తూకానికి అమ్మేటప్పుడు ఇనుముకే ధర కడతారు. పెట్టెల్లోని నాడెలను ముందే తీసి పక్కన పెడతారు.